పొద్దున్నే తోటను చూడడం: చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చునేవారికి సమగ్ర మార్గదర్శి

తోట ఉన్నవాళ్ళం చాలామందిమి తోటలో పని చేస్తాం గానీ తోటను చూడం. పొద్దున్నే పైపు పట్టుకుని వెళ్తాం. నీళ్ళు పెడుతూనే ఎండుటాకులు తుంచుతాం, కలుపు కనబడితే వంగి పీకుతాం, నాలుగు పువ్వులుంటే కోసుకుని లోపలికి వచ్చేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అంతే. ఒకసారి మోకాలికి దెబ్బ తగిలి, నెల రోజులు వంగకూడదు, బరువులెత్తకూడదు అన్నారు. వేరే దారి లేక మొక్కల మధ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఆ ఒక్క నెలలో నా తోట గురించి తెలిసినంత, అంతకుముందు ఏళ్ళ తరబడి పనిచేసినా తెలియలేదు. మోకాలు బాగయ్యింది. కుర్చీ మాత్రం అక్కడే ఉండిపోయింది.

"చూడడానికి నేర్చుకునేదేముంది, కళ్ళున్నాయిగా" అనిపించొచ్చు. మొదటి వారం నాకు ఆకులు, పువ్వులు, రెండు పిట్టలు తప్ప ఏమీ కనబడలేదు. నాలుగోరోజుకే విసుగొచ్చింది. చూపుకి అలవాటు కావాలి, ఆ అలవాటు పడడానికి ఒక వరస కావాలి. నాకు కుదిరిన వరసను ఇక్కడ రాస్తున్నాను. దీనికి పెద్ద తోట అక్కర్లేదు. బాల్కనీలో ఆరు కుండీలున్నా ఇందులో ముప్పాతిక వంతు మీకు పనికొస్తుంది.

మొదటి మెట్టు: సూర్యుడి కన్నా ముందు వెళ్ళడం

సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందు మీ చోట్లో మీరుండాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. ఎండ వచ్చాక వెళ్తే తోట అప్పటికే లేచి తన పనుల్లో పడి ఉంటుంది. చిరుచీకట్లో వెళ్తే అది లేవడం చూడొచ్చు.

ఆ వేళలో చూడాల్సిన మొదటి వింత రంగులు. ఎర్ర మందారం ఉంటే దాని ముందు నిలబడండి. పొద్దు పొడవకముందు ఆ ఎరుపు దాదాపు నల్లగా ఉంటుంది, చుట్టూ ఉన్న ఆకులే పువ్వు కన్నా తేలిగ్గా, వెలుగుగా కనిపిస్తాయి. పది పదిహేను నిమిషాల్లో నల్లటి ముద్దలోంచి ఎరుపు మెల్లగా పైకి తేలుతుంది. మారేది పువ్వు కాదు, మన కన్ను. మసకవెలుతురులో పనిచేసే కంటి కణాలు వేరు, పట్టపగలు పనిచేసేవి వేరు. మసకలో పనిచేసేవాటికి ఎరుపు దాదాపు అందదు. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 19వ శతాబ్దం మొదట్లో ఈ మార్పును వివరించాడు, అందుకే దానికి ఆయన పేరే ఉంది. ఒక కణాల గుంపు పని ముగించుకుని రెండోదానికి అప్పగించే ఆ కాసేపూ మీరు అక్కడ ఉండడం ముఖ్యం.

ఫోను లోపలే వదిలేయండి. మర్యాద కోసం చెప్పే మాట కాదిది. ఒక్కసారి వెలిగే తెర వైపు చూస్తే చీకటికి అలవాటుపడ్డ కన్ను మళ్ళీ మొదటికొస్తుంది, పూర్తిగా తేరుకోవడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. అప్పటికి తెల్లారిపోతుంది.

నిండు చేతుల చొక్కా వేసుకోండి, కాళ్ళకి చెప్పులో బూట్లో ఉండనివ్వండి. చీకట్లో అడుగు చూసి వేయండి. ఘాటు వాసన వచ్చేవేవీ ఒంటికి రాసుకోవద్దు.

రెండో మెట్టు: ఒకే చోటు

తోటంతా తిరుగుతూ చూస్తే అన్నీ కనిపిస్తాయి, ఏదీ గుర్తుండదు. ఒక చోటు ఎంచుకుని కనీసం నెల రోజులు అక్కడే కూర్చోండి. నిన్న ఇదే కొమ్మ ఎలా ఉందో తెలిసినవాడికే ఇవాళ వచ్చిన మార్పు కనబడుతుంది. ఈ పని ఇచ్చే ఆనందమంతా ఆ పోలికలోనే ఉంది.

చోటు ఎంచుకునేటప్పుడు రెండు చూసుకోండి. ఒకటి, ఎత్తు. పీట గానీ పొట్టి కుర్చీ గానీ అయితే కళ్ళు మొక్కల నడుముల దగ్గర ఉంటాయి. ఆకుల అడుగుభాగం, కాడల మధ్య ఖాళీలు, జరిగే కథంతా అక్కడే ఉంటుంది. రెండోది, వెలుగు. సూర్యుడు మీకు ఎదురుగా ఉంటే సాలెగూళ్ళు, ఆకుల ఈనెలు, కాడల మీద నూగు వెలిగిపోతూ కనిపిస్తాయి. సూర్యుడు వీపు వెనక ఉంటే రంగులు బాగా తెలుస్తాయి. నేను మొదట తూర్పుకి తిరిగి కూర్చుంటాను. ఎండ కళ్ళలో పడడం మొదలయ్యాక కుర్చీ తిప్పుకుంటాను.

మూడో మెట్టు: మొదటి పది నిమిషాలు ఏమీ చూడకపోవడం

మీరు అడుగుపెట్టగానే తోట ఒక్కసారి ఊపిరి బిగబడుతుంది. పిట్టలు పక్క చెట్టుకి మారతాయి, తొండ కొమ్మకి అవతలి వైపు జరుగుతుంది, కీచురాయి ఆగిపోతుంది. అవన్నీ మళ్ళీ మామూలు కావాలంటే మీరు కదలకుండా ఉండాలి. ఎంతసేపు అని అడిగితే, నా లెక్కలో పది నిమిషాలు.

ఆ పది నిమిషాలూ కళ్ళు మూసుకుని చెవులకి వదిలేయండి. ముందు దూరపు చప్పుళ్ళు, తర్వాత దగ్గరివి. పిట్టల పేర్లు తెలియనక్కర్లేదు. ఎన్ని రకాల గొంతులున్నాయో లెక్కపెట్టండి చాలు. పిట్టలు పొద్దు పొడిచే ముందు కూసినంత గట్టిగా పగలంతా కూయవు. పురుగులు కనబడేంత వెలుతురు లేనప్పుడు తిండి వెతకడం ఎలాగూ కష్టం. "ఈ చోటు నాది, రాత్రి గడిచింది, నేనింకా ఉన్నాను" అని చెప్పుకోవడానికి అది మంచి వేళ. వెలుగు పెరిగేకొద్దీ పాట తగ్గి, మధ్యలో ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీలు మొదలయ్యాయంటే పిట్టలు మేతకి దిగాయన్నమాట. కళ్ళు తెరవడానికి అదే గుర్తు.

కళ్ళు తెరిచాక కూడా ఏ ఒక్కదాని మీదా చూపు నిలపకండి. ఎదురుగా ఉన్నదంతా ఒకేసారి చూస్తున్నట్టు చూపు వదులుగా ఉంచండి. కంటి మధ్యభాగం వివరం పట్టుకుంటే, అంచులు కదలికను పట్టుకుంటాయి. ఆకుల గుబురులో కుట్టుపిట్ట దూరడం, తొండ తల ఎగరెయ్యడం మొదట అంచుల్లోనే తెలుస్తాయి.

నాలుగో మెట్టు: నీటిబొట్లు చదవడం

ఎండ పడేలోపు చూడాల్సినవి నీటిబొట్లు. పొద్దున ఆకు మీద కనిపించే ప్రతి బొట్టునీ మంచే అనుకుంటాం. చాలాసార్లు కాదు.

మంచైతే ఆకంతా సన్నటి ముత్యాలు చల్లినట్టు ఉంటుంది. పక్కనున్న ఇనప గేటు మీద, బోర్లించిన బకెట్ మీద కూడా ఉంటుంది. అలాకాకుండా బొట్లు ఆకు అంచున మాత్రమే, కొలిచి పెట్టినట్టు సమాన దూరంలో, ఈనెలు వచ్చి ఆగేచోట నిలబడి ఉన్నాయా? గడ్డిపోచ కొసన ఒకే ఒక్క బొట్టు ఉందా? బకెట్ పొడిగా ఉందా? అయితే అది మొక్క బయటికి తోసిన నీరు. తడినేలలో వేళ్ళు రాత్రంతా నీళ్ళు పీలుస్తాయి. ఆకుల మీది రంధ్రాలు రాత్రి మూసుకుని ఉంటాయి కాబట్టి నీరు ఆవిరై పోలేదు. వేళ్ళ ఒత్తిడికి ఆ నీరు అంచుల్లోని చిన్న ద్వారాల గుండా బొట్లుగా వస్తుంది. చేమ ఆకు కొస దగ్గర కూర్చుంటే, బొట్టు ఊరి, బరువెక్కి, జారిపడి, మళ్ళీ కొత్తది ఊరడం చూడొచ్చు. టమాటా, చిక్కుడు ఆకుల అంచుల్లోనూ చూడండి. ఆ నీళ్ళలో లవణాలు ఉంటాయి కనుక ఎండాక అక్కడ ఒక్కోసారి తెల్లటి మరక మిగులుతుంది.

మంచు పడిందా లేదా అన్నది ఆకాశం చెబుతుంది. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఆకులు తమ వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడతాయి. వాటిని తాకిన గాలిలోని ఆవిరి నీరవుతుంది. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు రాత్రుళ్ళు ఆరుబయట ఒక పలక నిలిపి, దాని మీద కొంచెం ఉన్ని, అడుగున కొంచెం ఉన్ని ఉంచి, తర్వాత తూకం వేశాడు. ఆకాశం కనిపించే పైవైపు ఉన్నికే ఎక్కువ మంచు పట్టింది. 1814లో ఆయన రాసిన వివరణ దాదాపుగా ఇవాళ్టికీ నిలిచే ఉంది. మీ తోటలో చెట్టు కింద గడ్డి పొడిగానూ, అడుగు అవతల గడ్డి తడిగానూ ఉంటే అదే పలక, అదే ఉన్ని.

ఇంకొక్కటి, ఇది మాత్రం తప్పక చేయండి. మంచు నిండుగా పట్టిన గడ్డి మీదికి తొలి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి మీ నీడను చూడండి. పొడుగ్గా సాగిన ఆ నీడలో తల చుట్టూ మాత్రమే తెల్లటి వెలుగు ఉంటుంది. పక్కన ఇంకొకరిని నిలబెడితే వాళ్ళకి వాళ్ళ తల చుట్టూనే కనిపిస్తుంది, మీకు మీ తల చుట్టూనే. ప్రతి మంచుబొట్టూ తన మీద పడ్డ వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. ఆ దారిలో ఉన్నది మీ కళ్ళే కాబట్టి మీకే అందుతుంది. 16వ శతాబ్దపు ఇటలీ శిల్పి బెన్వెనుతో చెల్లినీ దీన్ని తన నీడలో చూసి, తనకు ప్రత్యేకంగా దక్కిన వెలుగని నమ్మాడు. మొదటిసారి చూసిన పొద్దున నాకు ఆయన మీద బోలెడు ప్రేమ కలిగింది.

ఐదో మెట్టు: మూరెడు చోటు

ఇప్పుడు చూపును దగ్గరికి లాగండి. మీకు చేతికందే దూరంలో మూరెడు పొడవు, మూరెడు వెడల్పు చోటు మనసులో గీసుకోండి. వచ్చే పావుగంట దాన్ని దాటి చూడొద్దు.

భూతద్దం ఉంటే మంచిది. పదిరెట్లు పెద్దది చేసి చూపే చిన్న మడత అద్దం చాలు. దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని, ఆకుని అద్దానికి రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి తీసుకురావాలి. చాలామంది అద్దాన్ని ఆకు దగ్గర పెట్టి దూరం నుంచి చూసి, ఏమీ కనబడలేదంటారు. బైనాక్యులర్ ఉంటే దాన్ని తిరగేసి పట్టుకున్నా దగ్గరి వస్తువులు పెద్దగా కనిపిస్తాయి.

ఎండిన సన్నటి కాడల నుంచి మొదలుపెట్టండి. కొన్ని రకాల ఒంటరి తేనెటీగల్లో మగవాటికి గూడు ఉండదు. పొద్దుగూకేటప్పుడు ఏదో ఒక పుల్లను దవడలతో గట్టిగా కరిచిపట్టుకుని అలాగే నిద్రపోతాయి. పొట్ట మీద నీలి పట్టీలుండే తేనెటీగలు వీటిలో ఒక రకం. చాలాసార్లు ఒకే పుల్ల మీద నాలుగైదు వరసగా ఉంటాయి. కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళంతా దవడల మీదే వేలాడుతుంటుంది. వీపు నూగు మీద మంచు పట్టి ఉంటుంది. ఎండ తగిలిన కొద్ది నిమిషాలకి మీసాలు కదులుతాయి. ముందుకాళ్ళతో మీసాలు దువ్వుకుంటుంది. తర్వాత రెక్కలు ఆడించకుండానే లోపల కండరాలు వణికించి ఒళ్ళు వేడి చేసుకుంటుంది, పొట్ట వేగంగా ఎగసిపడుతుంది. ఆపైన దవడలు వదిలేసి, ఒక్క జుమ్ముతో మాయం. మర్నాడు పొద్దున అదే పుల్ల దగ్గర వెతకండి. చాలాసార్లు అక్కడే ఉంటుంది.

తర్వాత సాలెగూళ్ళు. చక్రంలా గూడు అల్లే సాలీళ్ళలో చాలా రకాలు పాత గూటి దారాన్ని తినేసి, కొత్తది అల్లుతాయి. నిన్న చిరుగులున్న చోట ఇవాళ గీత తప్పని చక్రం ఉంటే, రాత్రి అక్కడ పని జరిగిందన్నమాట. మధ్య నుంచి అంచుకి సాగే దారాలు అంటుకోవు. చుట్టూ తిరిగే దారమే జిగురు. సాలీడు నడిచేటప్పుడు కాళ్ళు ఎక్కడ పెడుతుందో గమనిస్తే ఆ తేడా అర్థమవుతుంది.

ఆపైన ఆకుల అడుగు. ఇక్కడ ఒక కిటుకు చెబుతాను, నాకు బాగా పనికొచ్చింది. గొంగళిపురుగును వెతకొద్దు, దాని పెంటికలు వెతకండి. కింది ఆకుల మీద ఆవగింజల్లాంటి నల్లటి, ఆకుపచ్చటి ఉండలు కనిపిస్తే, సరిగ్గా వాటికి ఎగువన చూడండి. కొరికిన ఆకుకన్నా ఇదే నమ్మకమైన గుర్తు, ఎందుకంటే కొరికినది నిన్నటి పురుగు కావచ్చు, తాజా ఉండలు ఇవాళ్టివి. ఆకుల మీద వెండిగీతలు నత్తలు రాత్రి నడిచిన దారులు. ఆకు పొరల మధ్య తెల్లటి వంకరగీతలు, లోపల తొలుచుకుంటూ పోయిన చిన్న పురుగువి. మొదలైన చోట సన్నగా, చివర లావుగా ఉంటాయి. పురుగు తింటూ పెరిగింది కదా. గులాబీ ఆకు అంచున కత్తెరతో తీసినట్టు అర్ధచంద్రం ఉంటే అది తిండి కోసం కాదు. ఒక రకం తేనెటీగ తన గుడ్ల గదులకి గోడలు కట్టుకోవడానికి తీసుకెళ్ళిన ముక్క. మొక్కకి దానివల్ల పెద్ద నష్టమేమీ ఉండదు.

లేత చిగుళ్ళ మీద పేనుబంక ఉంటే అసహ్యించుకోకుండా కాసేపు దాని దగ్గరే ఉండండి. చీమలు వచ్చి మీసాలతో తట్టడం, పేనుబంక తియ్యటి బొట్టు వదలడం, చీమ దాన్ని తాగడం అద్దంలో స్పష్టంగా కనిపిస్తుంది. దగ్గర్లోనే అక్షింతల పురుగు పెట్టిన పసుపుపచ్చని గుడ్లు, నిలువుగా పక్కపక్కనే నిలబెట్టిన గుత్తి, ఉండొచ్చు. వాటిలోంచి వచ్చే పిల్లలు తల్లిలా గుండ్రంగా ఉండవు. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చిన్న మొసళ్ళలా ఉంటాయి. పేనుబంకను ఆబగా తినేది అవే. వాటినే చీడ అనుకుని నలిపేసేవాళ్ళు ఎందరో.

ఆరో మెట్టు: మొక్క ఒంటి తీరు

ఇది రెండు నిమిషాల పని, కానీ తోటమాలికి దీనికి మించిన పాఠం లేదు. మిట్టమధ్యాహ్నం వాడిన మొక్కను నమ్మొద్దు. ఎండలో ఆకులనుంచి నీరు ఆవిరైపోయే వేగాన్ని వేళ్ళు అందుకోలేక తల వాలుస్తుంది, సాయంత్రానికి లేస్తుంది. రాత్రంతా నీళ్ళు తాగి, పొద్దున్నే మొక్క నిక్కుగా ఉండాలి. అప్పుడు కూడా వాలి ఉంటేనే కష్టంలో ఉన్నట్టు. వేలు మట్టిలో రెండు కణుపుల లోతు దించి చూడండి. పొడిగా ఉంటే నీళ్ళు చాలలేదు. తడిగా ఉండి కూడా వాలిందంటే వేళ్ళు కుళ్ళుతున్నాయేమో చూడాలి. అలాంటప్పుడు ఇంకో చెంబు పోస్తే చేజేతులా చంపుకున్నట్టే.

ఏడో మెట్టు: మీ తోట గడియారం

ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుంది, ఎప్పుడు ముడుచుకుంటుంది అన్నది వారం రోజులు రాసిపెట్టుకుంటే మీ తోటకో గడియారం తయారవుతుంది. 1751లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ ఇలాంటి పూల గడియారం ఊహించి, ఏ పువ్వు ఏ గంటకో వరసగా రాశాడు. ఆయన వరస మీ తోటకి సరిపోదు. చోటును బట్టి, ఋతువును బట్టి వేళలు మారతాయి. మీది మీరే కట్టుకోవాలి.

మొదలుపెట్టడానికి తేలికైనవి కొన్ని. గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగా విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఆడపువ్వుకి అడుగున బుల్లి కాయ ఉంటుంది, మగపువ్వుకి ఉత్త కాడ. తేనెటీగల సందడంతా ఆ కొద్ది గంటల్లోనే. చంద్రకాంత దీనికి తిరగబడ్డ లెక్క. నిన్న సాయంత్రం విచ్చుకున్నది, మీరు కూర్చున్నప్పుడు మూసుకునే పనిలో ఉంటుంది. నాచుపూలు ఎండ బాగా తగిలేదాకా కదలవు, మబ్బు రోజున అసలు తెరవకపోవచ్చు. పొద్దుతిరుగుడు మొక్క లేతగా ఉన్నంతకాలం రాత్రికి రాత్రే తూర్పుకి తిరిగి సిద్ధంగా ఉంటుంది. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక తూర్పుకే నిలిచిపోతుంది. అలా నిలిచిన పువ్వు పొద్దున్నే త్వరగా వేడెక్కుతుందని, తేనెటీగలు ఎక్కువగా వస్తాయని 2016లో వచ్చిన పరిశోధన చూపించింది.

ఆకులకి కూడా గడియారం ఉంది. అత్తిపత్తి రాత్రి ముడుచుకుని పొద్దున విచ్చుకోవడం చూసి, ఎండకోసమే అలా చేస్తుందా అని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాఁ జాక్ ద మెరాన్‌కి సందేహం వచ్చింది. 1729లో మొక్కను చీకట్లో పెట్టించాడు. చీకట్లో కూడా అది వేళకే విచ్చుకుంది, వేళకే ముడుచుకుంది. జీవుల లోపల ఒక గడియారం ఉందన్న ఆలోచనకి మొదటి ఆధారాల్లో అదొకటి. అత్తిపత్తి ఉంటే మీరూ చేసి చూడొచ్చు. ఒక చీకటి గది, ఒక కుండీ, రెండు రోజులు చాలు.

ఎనిమిదో మెట్టు: ఒక్క ప్రాణిని వెంబడించడం

పై మెట్లన్నీ అలవాటయ్యాక ఏదో ఒక్కదాన్ని ఎంచుకుని మొదలు నుంచి చివరిదాకా చూడండి. గుడ్డో, మొగ్గో, గూడో. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి.

నిమ్మమొక్క చిగుళ్ళు రోజురోజుకీ మాయమవుతుంటే, ఒక ఏడాది ఆకుల మీది గొంగళిపురుగులన్నిటినీ ఏరి నలిపేశాను. పద్నాలుగో పదిహేనో ఉంటాయి. మర్నాడు అదే మొక్క చుట్టూ ఒక నలుపు పసుపు సీతాకోకచిలుక తిరుగుతూ, ప్రతి చిగురు మీదా క్షణం ఆగి, పొట్ట వంచి, మళ్ళీ లేస్తోంది. అది వాలిన చోట చూస్తే ఆవగింజంత లేతపసుపు గుడ్డు. నేను నలిపినవి ఎవరివో అప్పుడు తెలిసింది. అంతకుముందు ఒక్క పావుగంట కూర్చుని చూసి ఉంటే ముందే తెలిసేది. అప్పటి నుంచి కుర్చీలో ఉన్నంతసేపూ నా చేతులు దేన్నీ ముట్టుకోవు. చేయాల్సిన పని కనిపిస్తే పుస్తకం చివరి పేజీలో రాసుకుంటాను, లేచాక చేస్తాను. ఆ జాబితాలో సగం పనులు, మర్నాడు చూస్తే అవసరం లేదనిపిస్తాయి.

ఆ గుడ్లలో ఒకదాన్ని రోజూ చూశాను. చిన్నప్పుడు ఆ పురుగు నల్లగా, మధ్యలో తెల్లటి మచ్చతో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పిట్టలు తప్పుకుపోతాయి. పెద్దయ్యాక ఆకుపచ్చ. గడ్డిపోచతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి చీలిక కొమ్ము ఒకటి బయటికి వచ్చి ఘాటైన వాసన వేస్తుంది. ఒకరోజు తినడం మానేసి, కొమ్మకి తోక అంటించి, నడుము చుట్టూ ఒక దారం కట్టుకుని ఒరిగింది. మర్నాటికి గూటిదశలోకి మారింది. ఆ తర్వాత చాలా రోజులు చూడడానికి ఏమీ లేదు. అయినా వెళ్ళాను. ఒక సాయంత్రం గూడు రంగు ముదిరి, పొర లోంచి రెక్కల మచ్చలు కనిపించాయి. మీరూ అది చూస్తే మర్నాడు మరింత పెందలాడే లేవండి.

తెల్లవారుతుండగా తల వెనక పొర పగిలింది. బయటికి రావడానికి నిమిషమో రెండు నిమిషాలో. వచ్చింది సీతాకోకచిలుకలా లేదు. బండ పొట్ట, పిండి పారేసిన గుడ్డపేలికల్లాంటి రెక్కలు. ఖాళీ గూటిని పట్టుకుని వేలాడింది. పొట్టలోని ద్రవం రెక్కల ఈనెల్లోకి ఎక్కుతుంటే ముడతలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. భూతద్దంలో దాని నోటి తొండం చూశాను. రెండు విడి దారాలుగా ఉంది! దాన్ని చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ రెండిటినీ ఒకే గొట్టంగా అతికించుకుంటోంది. ఆ అతుకు సరిగ్గా పడకపోతే అది తేనె తాగలేదు. పొట్ట చివర నుంచి రెండు మూడు బొట్లు జారాయి. గంటకు పైగా రెక్కలు ఆరబెట్టుకుని, మూడుసార్లు తెరిచి మూసి, నా భుజం పక్కనుంచి గోడ దాటి వెళ్ళిపోయింది. సాయం చేద్దామని రెక్క విప్పబోవద్దు. అప్పుడు అవి తడి కాగితాల కన్నా బలహీనం.

తొమ్మిదో మెట్టు: రాసుకోవడం

లేవబోయే ముందు ఐదు నిమిషాలు చాలు. తేదీ, ఆకాశం, గాలి, మంచు ఉందా లేదా అన్నది ఒక వరుస. కొత్తగా కనిపించింది ఒకటి. మాయమైనది ఒకటి. జవాబు తెలియని ప్రశ్న ఒకటి. "అందంగా ఉంది" అని రాయకండి. మూడు నెలల తర్వాత ఆ మాట మీకు ఏమీ గుర్తుచేయదు. "రెండో కొమ్మ, మూడు మొగ్గలు, పెద్దదాని మీద చీమలు" అని రాస్తే ఆ పొద్దు మళ్ళీ కళ్ళ ముందుకొస్తుంది. బొమ్మ వేయడం రాకపోయినా వేయండి. ఆకు అంచు గీయబోతేనే అది రంపంలా ఉందా, అలలా ఉందా అన్నది చూస్తాం.

ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో, ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, ఏ పిట్ట ఎప్పుడు వచ్చింది అని తన ఇంటి చుట్టూ చూసినవి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత కుటుంబం వాళ్ళు 1958 దాకా దాన్ని కొనసాగించారు. ఋతువులు ఎలా జరుగుతున్నాయో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్తలకి ఆ రాతలు ఇవాళ పనికొస్తున్నాయి.

ఏమీ జరగని పొద్దులు

అలాంటివి చాలా ఉంటాయి, ముందే చెప్పడం మంచిది. గాలి ఎక్కువైతే పురుగులు బయటికి రావు. వరసగా మబ్బులు పడితే సీతాకోకచిలుకలు ఆకుల కిందే ఉండిపోతాయి. అలాంటప్పుడు కాలం తగ్గించుకోండి గానీ మానేయొద్దు, పది నిమిషాలైనా కూర్చోండి. వాన పడుతుంటే కిటికీ దగ్గర చేరి ఏ ఆకు నీటిని జార్చేస్తుంది, ఏ ఆకు పట్టి ఉంచుతుంది అన్నది చూడండి. వాన వెలిసిన మర్నాడు నేల చూడండి. వానపాములు పైకి తోసిన మట్టి ఉండల కుప్పలు కుండీల పక్కన కూడా కనిపిస్తాయి.

నా పుస్తకంలో ఇవాళ్టి పేజీ ఇది: "మబ్బు. గాలి లేదు. మంచు లేదు, చేమ ఆకుకి మాత్రం కొసన బొట్టు. పుల్ల మీద తేనెటీగలు నిన్న ఐదు, ఇవాళ నాలుగు. ఎండ రాకపోయినా రెండు లేచిపోయాయి, మూడోది మీసాలు దువ్వుకుంటోంది, నాలుగోది ఇంకా కదల్లేదు. ఐదోది ఎక్కడ పడుకుంది?"